హైపర్‌ఫోకల్ పట్టికా, ఇన్ఫినిటీయా? ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

కొత్తకెమెరా: ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 ఎంఎం లెన్స్, ఎపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్8. ముందు రాళ్లు, వెనక కొండలు. రెండూ షార్ప్‌గా రావాలి. ఎంత దూరంలో ఫోకస్ పెడితే దగ్గరా దూరమూ రెండూ షార్ప్‌గా వస్తాయో చెప్పే హైపర్‌ఫోకల్ పట్టిక చూసుకోమన్నాడు ఒకాయన. ఇంకొకాయన నేరుగా కొండ మీదే, అంటే ఇన్ఫినిటీకే ఫోకస్ పెట్టమన్నాడు. ఎవరి మాట వినాలి?

పాతలెన్స్: ఇందులో చర్చకు ఏముందండీ, లెక్క ఉంది కదా. ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే హెచ్చించి, ఎఫ్ నంబరుతో ఒకసారి, 0.03తో ఒకసారి భాగించండి. మీకు సుమారు 2.4 మీటర్లు వస్తుంది. అక్కడ ఫోకస్ పెడితే 1.2 మీటర్ల నుంచి కొండల దాకా అంతా షార్ప్. పాత లెన్సుల మీద దీనికి గీతలు చెక్కి ఉండేవి. ఇప్పుడు చాలా లెన్సుల మీద అవి కనబడవు, అందుకే రోజుకో ప్రశ్న.

కొండగాలి: "అంతా షార్ప్" అనకండి, "సరిపెట్టుకునేంత షార్ప్" అనండి. ఆ 0.03 మిల్లీమీటర్లు ఎక్కడిది? 8x10 అంగుళాల ప్రింటును చేత్తో పట్టుకుని చూస్తే మసక కంటికి తెలియని హద్దు అది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌లో ఒక్కో పిక్సెల్ 0.006. అంటే మీ పట్టిక ప్రకారం కొండ మీది ప్రతి చుక్కా ఐదు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. ఒక క్లయింటుకు గోడకు పెట్టుకునే పెద్ద ప్రింటు కోసం పట్టిక చూసే తీశాను. ముందున్న గడ్డి భేషుగ్గా వచ్చింది, కొండ మీది చెట్లు ముద్దలా ఉన్నాయన్నాడు. డబ్బులు ఇప్పటికీ రాలేదు.

ట్రైపాడ్‌మోత: ఫోకస్ స్టాకింగ్ చేసేయండి, అంటే వేర్వేరు దూరాలకు ఫోకస్ పెట్టి తీసిన ఫొటోలను ఒకటిగా కలిపేయండి, గొడవే ఉండదు.

నీలిఫిల్టర్: గాలికి గడ్డి ఊగుతుంటే స్టాకింగ్ చేసి చూడండి సార్. ఒక్కో పరకకు రెండేసి తలలు.

పాతలెన్స్: పెద్ద ప్రింటును ముక్కు ఆనించి చూసేవాడికి ఏ లెక్కా పనిచేయదు. పెద్ద బొమ్మను దూరంగా నిలబడి చూస్తారు. అంత అనుమానమైతే రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్22 పెట్టుకోండి.

కొండగాలి: ఎఫ్22! అక్కడ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి వంగి చెదరడం) వల్ల పడే చుక్కే దాదాపు 0.03 వెడల్పు ఉంటుంది. కొండ మీది మసకను తీసి ఫ్రేమంతా పూసినట్టు. ఎఫ్8లో అది 0.011 మాత్రమే.

పాతలెన్స్: అమెరికా ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ వాళ్లు 1932లో, అంతకంటే చిన్న రంధ్రమైన ఎఫ్64 పేరుతో ఏకంగా గ్రూపే కట్టారు. వాళ్లకు డిఫ్రాక్షన్ తెలియదంటారా?

కొండగాలి: వాళ్ల నెగటివ్ 8x10 అంగుళాలదాకా ఉండేది, అంతే సైజులో ప్రింటు వేస్తే పెంచాల్సిన పనే లేదు. మీ సెన్సర్ 36 మిల్లీమీటర్లు. పోలిక ఎక్కడండీ? సరే, అసలు విషయం. ఫోకస్ గురించి పుస్తకం రాసిన హెరాల్డ్ మెర్క్‌లింగర్ చూపించిన పద్ధతి ఉంది. ఇన్ఫినిటీకి ఫోకస్ పెడితే, ముందున్నవాటిలో ఎపర్చర్ వ్యాసమంత వస్తువు విడిగా తెలుస్తుంది. 24ను 8తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు. కొండ పదునుగా వస్తుంది, ముందున్న చిన్న గులకరాయి కూడా పోల్చుకోవచ్చు. ఇంకేం కావాలి?

నీలిఫిల్టర్: రాయి తెలుస్తుంది, రాయి మీది గరుకు తెలియదు. నేను ట్రైపాడ్‌ను నేలకు దించి, మోచేతులు బురదలో పెట్టి తీసేది ముందున్న గడ్డిపువ్వు కోసం. దాని కేసరం మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మీ పద్ధతిలో అది పసుపు మరక.

కొండగాలి: అయితే మీరు తీసేది పువ్వు ఫొటో. ల్యాండ్‌స్కేప్ విభాగంలో ఎందుకు పెడుతున్నారు?

నీలిఫిల్టర్: ల్యాండ్‌స్కేప్ అంటే కొండేనని ఎవరు రాసిచ్చారు మీకు? ఒక పోటీలో జడ్జీ కూడా ఇదే అన్నాడు, "వెనక కొండ మెత్తగా ఉంది" అని పక్కన పడేశాడు. ఆ కొండ మెత్తగా ఉండాలనే అలా తీశాను. ఫోకస్ తెలియక కాదు.

మోడరేటర్: వ్యక్తిగతంగా వద్దు. లెన్సుల దగ్గరే ఆగండి.

పాతలెన్స్: ఇద్దరూ ఏదో ఒకటి వదిలేయడానికి ముందే సిద్ధపడి వచ్చారు. ఒకరికి పువ్వు అక్కర్లేదు, ఒకరికి కొండ అక్కర్లేదు. నాకు రెండూ కావాలి, అందుకే పట్టిక.

కొండగాలి: రెండూ కావాలంటే రెండూ అరకొరగానే వస్తాయి. దాన్నే మీరు షార్ప్ అంటున్నారు. పొద్దుటినుంచీ నా గొడవంతా అదే.

కొత్తకెమెరా: నా రాళ్ల సంగతి ఎవరైనా చెప్తారా? మొదటి రాయి మీటరు దూరంలో ఉంది.

నీలిఫిల్టర్: దానికి రెట్టింపు దూరంలో, అంటే రెండు మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టండి. పట్టిక అక్కర్లేదు. రాయికీ కొండకీ మసక సమానంగా పడుతుంది. ఎఫ్8లో ఆ మసక 0.036, ఎఫ్11లో 0.026. అందుకే ఎఫ్11 పెట్టండి. తీశాక స్క్రీన్ మీద జూమ్ చేసి రాయి, కొండ రెండూ చూసుకోండి. రాయి ముఖ్యమైతే ఫోకస్ కాస్త దగ్గరికి, కొండ ముఖ్యమైతే కాస్త దూరానికి.

పాతలెన్స్: ఎఫ్11కు పట్టికలో సుమారు 1.75 మీటర్లు ఉంది. మీరు రెండన్నారు. తిరిగి తిరిగి నా మాటకే వచ్చారుగా!

కొండగాలి: 0.026 అంటే ఇంకా నాలుగు పిక్సెళ్ల పైనే. కొత్తకెమెరా గారూ, ప్రింటు ఎంత సైజు వేస్తారో ముందు అది చెప్పండి.