‘లస్టీ యంగ్ మ్యాన్’ని తెలుగులో ఏమనాలి? మేఫ్లవర్ ఓడలోంచి పడ్డ కుర్రాడి కథ

బోస్టన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, పెద్దలు బయటపడేయాలి.

సెలవులకి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మొన్న ప్లిమత్ తీసుకెళ్లాను. మాకు కారులో గంట దూరం. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డ ఊరు అది. ఓడ నమూనా చూశాక బరియల్ హిల్ అనే గుట్ట ఎక్కాం. అక్కడ జాన్ హౌలండ్ అనే ఆయన సమాధి రాయి ఉంది. నాన్న కళ్లజోడు తుడుచుకుని ఒక్కో ముక్కా పైకి చదువుతున్నారు. ‘ఏన్షెంట్ ప్రొఫెసర్ ఇన్ ద వేస్ ఆఫ్ క్రైస్ట్’ అన్నచోట ఆగి, “ప్రాచీన ప్రొఫెసరా? ఏ కాలేజీ అమ్మా?” అన్నారు. ఆయన రిటైర్డ్ లెక్చరర్ లెండి, అందుకే ఆ ఆసక్తి.

ఇంటికొచ్చి చదివితే ఈ హౌలండ్ కథ భలే ఉంది. మా తెలుగు బడి పిల్లల పత్రికకి రాద్దామనుకున్నాను. ఇతను వచ్చింది జాన్ కార్వర్ అనే పెద్దమనిషి దగ్గర సర్వెంటుగా. నడిసముద్రంలో తుఫాను. పై డెక్కు మీదకి వచ్చాడు, ఓడ ఒరిగింది, నీళ్లలో పడ్డాడు. వేలాడుతున్న తెరచాప తాడు చేతికి దొరికి బతికాడు. తర్వాత అక్కడ గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన రాతప్రతిలో దీన్ని ఒక్క పొడుగాటి వాక్యంలో రాశాడు. అందులో హౌలండ్‌ని ‘లస్టీ యంగ్ మ్యాన్’ అన్నాడు. వాక్యం చివర ‘ప్రాఫిటబుల్ మెంబర్’ అయ్యాడన్నాడు. నిఘంటువు చూసి రాస్తే “కాముకుడైన యువకుడు లాభదాయకమైన సభ్యుడయ్యాడు” అని వచ్చేట్టుంది. పిల్లల పత్రిక బాబూ!

తెనాలి:

అమ్మా, హాయిగా నవ్వుకున్నాను. మేం క్లాసులో అర్థాపకర్ష అని చెప్పేవాళ్లం. మంచి అర్థమో మామూలు అర్థమో ఉన్న మాట కాలం గడిచేకొద్దీ కిందికి జారిపోవడం. మన ‘కంపు’ అంతే. పాత కావ్యాల్లో పూలకి కంపు ఉండేది, ఇప్పుడు మురిక్కాలవకే మిగిలింది. ‘సాహసం’ ఎదురు దారిలో నడిచింది. ఒకప్పుడు దోపిడీ, హత్య లాంటి నేరాలకి ఆ మాట వాడేవాళ్లు, ఇప్పుడు పిల్లలకి సాహస బాలల అవార్డులిస్తున్నాం.

ఆ రోజుల్లో ‘లస్టీ’ అంటే ఒంట్లో సత్తువ ఉన్నవాడు, ఆరోగ్యంగా దిట్టంగా ఉన్నవాడు. ‘లస్ట్’ అంటే కోరిక, ఇష్టం. జర్మన్‌లో ఇప్పటికీ అదే అర్థం. మనకి దగ్గరి చుట్టం ‘కామం’. సంకల్పంలో ‘ధర్మార్థకామమోక్ష’ అని రోజూ అంటాం, పిల్లాడికి కామేశ్వరరావు అని పేరు పెడతాం, ఎవరూ ఏమీ అనుకోరు. ‘కాముకుడు’ అని చూడండి, చెంప పగులుతుంది.

నా ఓటు ‘దృఢకాయుడు’కి.

బోస్టన్:

మాస్టారూ, ధన్యవాదాలు. ఇంకో తమాషా చెప్తాను. ఈ ‘లస్టీ’ గారి పెద్దకూతురి పేరు డిజైర్! ఇంకో కూతురు హోప్. అప్పటి ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవుల ఇళ్లలో అది దేవుడి మీది కోరిక, దేవుడి మీది ఆశ. ‘ఆశ’ని మనమూ పేరుగా పెట్టుకుంటాం గాని, ‘కోరిక’ అని పెట్టినవాళ్లని నేను చూడలేదు.

వరంగల్:

మాస్టారి మాటకి అడ్డం చెప్తున్నా, ఏమనుకోవద్దు. ‘దృఢకాయుడు’ పత్రికల్లో పోలీసు వార్త లెక్క ఉంది. దానికన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది.

బ్రాడ్‌ఫర్డ్ ‘లస్టీ’ని అదే అధ్యాయంలో ఇంకొకరికి కూడా వాడిండు. హౌలండ్ కన్నా ముందు ఒక నావికుడు వస్తడు, పేరు చెప్పడు. అతను కూడా ‘యంగ్ మ్యాన్’, అతనిదీ ‘లస్టీ’ ఒళ్లు. ఆ బలం చూసుకుని పొగరు. వాంతులతో పడి ఉన్న ప్రయాణికుల్ని రోజూ తిట్టేవాడు. సగం దూరం పోకముందే వాడికే పెద్ద జబ్బు చేసి చచ్చిపోయిండు. ఓడలోంచి సముద్రంలోకి విసిరిన మొదటి శవం వాడిదే. ఆ తర్వాత హౌలండ్. ఇతన్నీ ఓడ సముద్రంలోకి విసిరింది గాని తిరిగి వచ్చిండు. రెండుచోట్లా ‘దేవుడి చిత్తం’ అనే రాసిండు.

అంటే ఇద్దరు లస్టీ పడుచువాళ్లని పక్కపక్కన నిలబెట్టిండు. ఒకడిని సముద్రం ఉంచుకుంది, ఒకడిని వదిలేసింది. కాబట్టి మనం ఏ మాట పెట్టినా అది ఇద్దరికీ సరిపోవాలె. పొగరుబోతుకీ, మంచివాడికీ. పొగడ్త ఉండొద్దు, తిట్టు ఉండొద్దు. ఒళ్లు మాత్రమే కనబడాలె.

తెనాలి:

ఒప్పుకున్నాను నాయనా. ఆ ముందు భాగం నేను చూడలేదు. ‘దృఢకాయుడు’ వెనక్కి తీసుకుంటున్నా.

కాకినాడ:

‘దుక్కలాంటి కుర్రాడు’ అనండి. మా వైపు అలాగే అంటాం. దుక్కలా ఉన్నాడు, పని చెయ్యడానికేం రోగం అని తిడతాం. దుక్కలాంటి కొడుకు అని మురిసిపోతాం కూడా. రెండిటికీ పనికొస్తుంది.

ఇంకో విషయం. తాడు అని రాయకండి అక్కా, మోకు అనండి. తెరచాప ఎత్తి దించే లావుపాటిది మోకే. ఇంగ్లీషులో ‘సండ్రీ ఫాదమ్స్’ లోతుకి మునిగాడని ఉంది కదా, దాన్ని ఫాదమ్ అనీ వద్దు, ఆరేసి అడుగులనీ వద్దు. బార అనండి. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి బార. ఫాదమ్ అన్న మాట పుట్టిందీ అలా చాపిన చేతుల్లోంచే. మా తాతగారు మోకు నీళ్లలోకి వదిలి, పైకి లాగుతూ చేతులు బార్లా చాపి ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం నేను చూశాను. ఇంగ్లీషు నావికులు కూడా తాడు కొలిచింది అలాగే. ఇంత సరిగ్గా అతికే మాట ఇంకోటి దొరకదు.

బోస్టన్:

బార! నాకు ‘బారెడు’ తెలుసు గాని ఈ వాడకం తెలీదు తమ్ముడూ. ఖాయం చేసేశాను.

మరి ‘సర్వెంట్’? పనివాడు, సేవకుడు, పాలేరు... ఏదీ కుదరట్లేదు. ఇతను ఒప్పందం మీద వచ్చినవాడు. ఓడ దిగకముందే మేఫ్లవర్ కాంపాక్ట్ అని ఒక కాగితం రాసుకుంటే, దాని మీద 41 మంది మగవాళ్లు సంతకం పెట్టారు. అందులో ఇతనూ ఉన్నాడు. పాలేరు చేత సంతకం ఎవరు పెట్టించుకుంటారు?

వరంగల్:

జీతగాడు అని మాత్రం అనకండి, మా దిక్కు ఆ మాట వెనక వెట్టి ఉంది. ‘నౌకరు’ కొంత నయం. నౌకరు అంటే పనివాడే, కానీ ‘కొడుక్కి నౌకరీ వచ్చింది’ అంటే మిఠాయి పంచుతరు. ఒక్క దీర్ఘంతో హోదా మారిపోతది. హౌలండ్ ఆ రెండిటి నడుమ మనిషి.

బోస్టన్:

బాగుంది, నౌకరే. మిగతా కథ కూడా చెప్తాను, మాటలకి అవసరం పడుతుంది.

ఓడలో వచ్చినవాళ్లు 102 మంది. మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. 1621 వసంతంలో యజమాని కార్వర్ పోయాడు, కొన్ని వారాలకి ఆయన భార్యా పోయింది. అదే ఓడలో ఎలిజబెత్ టిల్లీ అనే పదమూడేళ్ల పిల్ల వచ్చింది. ఆ చలికాలంలో ఆ పిల్ల తల్లీ తండ్రీ, తండ్రి తోడబుట్టిన ఎడ్వర్డ్, ఆయన భార్య, అందరూ పోయారు. పరాయి నేల మీద ఒంటరి. కొన్నేళ్లకి ఆ అమ్మాయినే హౌలండ్ పెళ్లి చేసుకున్నాడు. పదిమంది పిల్లలు, పదిమందీ పెద్దయ్యారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. మనవలు 80 మందికి పైగా. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ (ఫ్రాంక్లిన్), ఇద్దరు బుష్‌లు, నటుడు హంఫ్రీ బోగార్ట్ వీళ్ల సంతతే. మోకు జారి ఉంటే వీళ్లెవరూ లేరు.

ఇంకో తిరకాసు ఉంది. చాలాకాలం జనం ఇతను కార్వర్ కూతుర్ని పెళ్లాడాడని నమ్మారు. బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో కనబడకుండా పోయి, తర్వాత లండన్‌లో బిషప్ గారి లైబ్రరీలో తేలింది. 1856లో అచ్చయింది. అందులో “టిల్లీ కూతుర్ని చేసుకున్నాడు, పదిమంది పిల్లలు, అందరూ బతికే ఉన్నారు” అని స్పష్టంగా ఉంది. ఇన్ని తరాలు పొరపాటు మామగారికి దండం పెట్టారన్నమాట.

గుంటూరు:

ఆలస్యంగా వచ్చాను. ‘ప్రొఫెసర్’ సంగతి నేను చెప్తా. ‘ప్రొఫెస్’ అంటే పదిమందిలో నిలబడి నా విశ్వాసం ఇది అని ఒప్పుకోవడం. మాది క్రైస్తవ కుటుంబం, మా సంఘంలో అలాంటివాళ్లని విశ్వాసి అంటాం. ‘ఏన్షెంట్’ అంటే ఇక్కడ చాలాకాలంగా ఉన్న అని. కాబట్టి ‘చిరకాల విశ్వాసి’. నాన్నగారికి చెప్పండి, కాలేజీ లేదు.

అదే రాయి మీద ‘లాస్ట్ మ్యాన్’ అని కూడా ఉంటుంది, మేఫ్లవర్‌లో వచ్చి ప్లిమత్‌లో ఉన్నవాళ్లలో చివరివాడని. దాన్ని ‘చివరి మనిషి’ అంటే పచ్చి అబద్ధం అవుతుంది. ఆయన పోయేనాటికి ఆయన భార్య బతికే ఉంది, ఆవిడా అదే ఓడలో వచ్చింది కదా! 1687 దాకా ఉంది, స్వాన్సీలో కూతురు లిడియా ఇంట్లో కన్నుమూసింది. చిన్నపిల్లగా వచ్చిన మేరీ ఆలర్టన్ అయితే 1699 దాకా ఉంది, అదీ ప్లిమత్‌లోనే. ‘చివరి మగవాడు’ అని రాయండి. ‘ప్లిమత్‌లో’ అన్న మాట కూడా వదలొద్దు, ఎందుకంటే జాన్ కుక్ అనే ఆయన డార్ట్‌మత్‌లో 1695 దాకా బతికాడు.

బోస్టన్:

అయ్యో, నేను ‘చివరి మనిషి’ అనే రాసేశాను! దిద్దుతున్నా. అమ్మ అడిగిన ప్రశ్న కూడా ఇక్కడే పెడతాను. రాయి మీద చనిపోయిన తేదీ ఫిబ్రవరి 23, 1672/3 అని ఉంది. ఏమిటా గీత అంది.

తెనాలి:

అప్పట్లో ఇంగ్లీషువాళ్లకి ఏడాది మారేది మార్చి 25న. ఫిబ్రవరి ఇంకా పాత ఏడాదే. ఇప్పటి లెక్కలో 1673. అమ్మకి ఉగాది అని చెప్పండి, చటుక్కున అర్థమవుతుంది.

వరంగల్:

‘ఫస్ట్ కమర్స్’ అనే ముక్క కూడా ఆ రాయి మీద ఉంది. ‘ఈ నేలకి మొదట వచ్చినవాళ్లు’ అని రాస్తే నేను ఒప్పుకోను. అక్కడ వాంపనోగ్ అనే మూలవాసుల ఊరు ఉండేది, పేరు పటక్సెట్. ఓడ రాకముందు కొద్ది ఏళ్లలోనే అంటురోగంతో ఖాళీ అయింది. వీళ్లు విత్తనం వేసింది ఆ మనుషులు చదును చేసిన పొలాల్లోనే. ‘మొదటి ఓడలవాళ్లు’ అనండి, అసలు ఆ కాలనీలో ఆ మాటకి వాడుకా అదే.

బోస్టన్:

సరేనన్నా, అలాగే. మిగిలింది ‘ప్రాఫిటబుల్’. నిజానికి లాభం కూడా తెచ్చాడు. లండన్ వ్యాపారులకి కాలనీ 1800 పౌండ్లు కట్టాల్సి వస్తే, ఆ అప్పు నెత్తిన వేసుకున్నవాళ్లలో ఇతనొకడు. బదులుగా కొన్నేళ్లు బీవర్ అనే జంతువు తోళ్ల వ్యాపారం వాళ్లదే. వాళ్లని ‘అండర్‌టేకర్స్’ అనేవారు! మా అబ్బాయి ఆ మాట విని, టీవీ కుస్తీలో అండర్‌టేకర్ అని ఉండేవాడే, అతనా అని అడిగాడు. 1634లో కెన్నెబెక్ నది దగ్గర కొట్టు చూసుకుంటుంటే వేరే కాలనీవాడు పడవేసుకుని పోటీకొచ్చాడు. ఆ పడవ లంగరు మోకు కొయ్యమని హౌలండే తన మనుషుల్ని పంపాడు. తుపాకులు పేలాయి, చెరో వైపు ఒకరు పోయారు. మోకు పట్టుకుని బతికినవాడు ఇంకొకరి మోకు కోయించాడు. పిల్లల పత్రికలో ఇది పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నా.

కాకినాడ:

పెట్టండక్కా. పిల్లలకి అదే గుర్తుంటుంది. ‘ప్రాఫిటబుల్’కి ‘అక్కరకొచ్చినవాడు’ చాలు.

బోస్టన్:

అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి:

“పెనుగాలికి ఓడ సాగలేక అలల మీద తేలుతుండగా, జాన్ హౌలండ్ అనే దుక్కలాంటి కుర్రాడు ఏదో పని మీద పైకొచ్చాడు. ఓడ ఒక్కసారిగా ఒరిగింది. ఎగిరి సముద్రంలో పడ్డాడు. దేవుడి చిత్తం, నీళ్లలోకి జారి వేలాడుతున్న తెరచాప మోకు చేతికి దొరికింది. కొన్ని బారల లోతుకి మునిగినా పట్టు వదల్లేదు. అదే మోకుతో పైకి లాగి, కొక్కెం గడతో ఓడలోకి చేర్చారు. కొంత నలత చేసినా, ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి సంఘానికీ ఊరికీ అక్కరకొచ్చాడు.”

నాన్నకి చదివి వినిపించాను. అంతా విని, “బానే ఉంది. పైకి లాగినవాళ్ల పేర్లు రాయలేదేం?” అన్నారు. బ్రాడ్‌ఫర్డ్ రాయలేదు నాన్నా అన్నాను.