ఉబుంటు లినక్స్‌లో టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ ఎట్ల తగ్గించాలె? పిచ్చి లేస్తుంది

నిద్రలేనిరాత్రి:
సాయంత్రం ఆరింటికి కూసున్న, ఇప్పుడు ఒంటిగంట అయితుంది, ఇంకా తెగుతలేదు. టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే చాలు కర్సర్ వణుకుతుంది, ఒక్కోసారి వేలు కదపకముందే స్క్రీన్ ఆ మూలకు దుంకుతుంది, రెండు వేళ్లతోని స్క్రోల్ చేద్దామంటే జూమ్ అయితుంది, నొక్కకుండనే ఫైళ్లు ఓపెన్ అయితున్నయ్. సెట్టింగ్స్‌ల స్పీడ్ మొత్తం కిందికి గుంజిన, అప్పుడు మెల్లగ వణుకుతుంది, అంతే తేడా. ఏదో పాత పోస్ట్ చూసి సినాప్టిక్స్ అనే టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేసిన, దాని సెట్టింగ్స్ మార్చే సిన్‌క్లయంట్ కమాండ్ కొడితే ఆ డ్రైవర్ లోడే కాలేదంటుంది. మౌస్, టచ్‌ప్యాడ్ లాంటివి చూపించే ఎక్స్‌ఇన్‌పుట్ కమాండ్ లిస్టుల నా టచ్‌ప్యాడ్ పేరే లేదు. పొద్దున కాలేజీల మంచిగనే పనిచేసింది మళ్ల. ఎల్లుండి ప్రాజెక్ట్ రివ్యూ ఉంది, ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి ప్లీజ్.

పాతటెర్మినల్:
వెర్షన్ ఎంత? వేలాండా, ఎక్స్‌ఆర్గా?

నిద్రలేనిరాత్రి:
24.04 అన్నా. వేలాండ్ అంటే ఏందో నాకు తెల్వదు, లాగిన్ కాడ నేనేం మార్చలే.

పాతటెర్మినల్:
ఐతే వేలాండే అయ్యుంటుంది. స్క్రీన్, మౌస్‌లను నడిపే కొత్త పద్ధతి అది, పాతది ఎక్స్‌ఆర్గ్. అందులో ఎక్స్‌ఇన్‌పుట్‌కి అసలు డివైజులు కనపడవు. సిన్‌క్లయంట్ కూడా దండగ. సినాప్టిక్స్ తీసెయ్.

లిబ్‌ఇన్‌పుట్‌మాస్టారు:
అసలు సెన్సిటివిటీ అనే మాట దగ్గరే చిక్కొస్తోందండి. సెట్టింగ్స్‌లో ఉన్న స్లయిడర్ పాయింటర్ స్పీడ్ మాత్రమే, లోపల అది మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఉండే ఒక విలువ, అది ఎంత తిప్పినా వేలు తగిలిందా లేదా అన్న లెక్క మారదు. తగిలిందని ఎంత ఒత్తిడికి అనుకోవాలి అనేది వేరే, అరచెయ్యి తగిలితే వదిలెయ్యడం ఇంకా వేరే. పాత సినాప్టిక్స్‌లో వీటన్నిటికీ విడివిడిగా ఆప్షన్లు ఉండేవి, జనం ఏవేవో అంకెలు పెట్టుకుని ఇంకా పాడుచేసుకునేవాళ్లు. ఇప్పుడు టచ్‌ప్యాడ్‌ని చూసుకునే లిబ్‌ఇన్‌పుట్‌లో కావాలనే ఆప్షన్లు తగ్గించి, మోడల్‌కి తగ్గ మార్పులు క్విర్క్స్ ఫైళ్లలో పెట్టారు, నా మటుకు అదే సరైన పద్ధతి. మీరు లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీ వేసుకుని, సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) లిబ్‌ఇన్‌పుట్ మెజర్ టచ్‌ప్యాడ్-ప్రెజర్ అనే కమాండ్ నడిపి వేలు ఆనించి చూడండి. అంకెలు వస్తే ఈటీసీ అనే సిస్టం సెట్టింగ్స్ ఫోల్డర్లో లిబ్‌ఇన్‌పుట్ ఫోల్డర్ కింద లోకల్-ఓవర్‌రైడ్స్ క్విర్క్స్ ఫైల్లో ప్రెజర్ రేంజ్ మార్చుకోవచ్చు.

కొండపల్లిబొమ్మ:
ఇంత ఎందుకు, లాగిన్ దగ్గర గేర్ గుర్తు నొక్కి ఎక్స్‌ఆర్గ్‌లోకి వెళ్లిపో. నేను రెండేళ్లుగా అందులోనే ఉన్నా, ఏ గొడవా లేదు.

లిబ్‌ఇన్‌పుట్‌మాస్టారు:
ఎక్స్‌ఆర్గ్‌లో కూడా మామూలుగా కింద ఉండేది లిబ్‌ఇన్‌పుటే అండి. పైగా ఇప్పుడు ఆయన సినాప్టిక్స్ వేసి ఉన్నారు, అది ఉండగా ఎక్స్‌ఆర్గ్‌లోకి వెళ్తే ఆ డ్రైవరే ముందుకొచ్చి సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ ఆప్షన్లు పనిచెయ్యడం మానేస్తాయి.

కొండపల్లిబొమ్మ:
నాకు పనిచేస్తోంది కాబట్టి చెప్పా.

నిద్రలేనిరాత్రి:
సినాప్టిక్స్ తీసేసిన, రీస్టార్ట్ చేసిన, గదే వణుకుడు. మెజర్ కమాండ్ కొడితే నా టచ్‌ప్యాడ్‌కి ప్రెజర్ లేదని బయటికొచ్చేసింది. స్పీడ్ అనుండ్రి సెన్సిటివిటీ అనుండ్రి, నాకు కర్సర్ ఒక్కకాడ నిలవడితే చాలు.

ఎర్తింగ్‌అన్న:
తమ్ముడూ, పొద్దున కాలేజీలో బాగుందన్నావు, మధ్యలో అప్‌డేట్ ఏదైనా పెట్టావా? పెట్టకపోతే లినక్స్ జోలికి పోకు. ఇప్పుడు ఛార్జర్ పెట్టి ఉందా? పీకేసి రెండు నిమిషాలు వాడి చెప్పు.

నిద్రలేనిరాత్రి:
అప్‌డేట్ ఏం పెట్టలే. ఛార్జర్ పీకంగనే మంచిగైంది!! మళ్ల పెడితే మళ్ల వణుకుతుంది. కాలేజీల బ్యాటరీ మీదనే వాడిన. గదేంది అన్నా?

ఎర్తింగ్‌అన్న:
ఛార్జర్‌ది మూడు పిన్నుల ప్లగ్గే కదా, దేనికి పెట్టావు?

నిద్రలేనిరాత్రి:
హాస్టల్ రూంల రెండు పిన్నుల బోర్డే ఉంది, కన్వర్టర్ పెట్టి గుచ్చిన. అవు, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటది గూడ, మెటల్ బాడీ కదా అట్లనే ఉంటదేమో అనుకున్న.

ఎర్తింగ్‌అన్న:
అదే తమ్ముడూ అసలు సంగతి, ముందే చెప్పాల్సింది. పైన లావుగా ఉండే పిన్ను ఎర్త్‌ది, కన్వర్టర్ పెడితే అది గాల్లో ఉండిపోతుంది. ఛార్జర్ లోపల 230 వోల్టుల వైపు నుంచి ల్యాప్‌టాప్ వైపుకి చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది, దాంట్లోంచి కొంచెం కరెంటు కారుతూ ఉంటుంది, ఎర్త్ ఉంటే అది అటే పోతుంది, లేకపోతే ల్యాప్‌టాప్ బాడీ మొత్తం ఆ కరెంటుతో పాటు ఊగుతుంది. టచ్‌ప్యాడేమో వేలు దగ్గరికొచ్చినప్పుడు మారే బుల్లి ఛార్జ్‌ని కొలుస్తుంది. కింద ఆ కొలతకి ఆధారమే (రిఫరెన్స్) ఊగుతుంటే అది వేలు కదిలిందనుకుంటుంది. విండోస్ వేసినా ఇంతే. ఎర్త్ ఉన్న సాకెట్ వెతుక్కో, కానీ మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు, పాత బిల్డింగుల్లో చాలాచోట్ల వైరే లాగరు. ఎవడైనా న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైరు కలిపేయమంటే మాత్రం అస్సలు వినొద్దు, న్యూట్రల్ తెగిన రోజు బాడీకి నేరుగా కరెంటొస్తుంది, ప్రాణం మీదికొస్తుంది.

లిబ్‌ఇన్‌పుట్‌మాస్టారు:
ఛార్జర్ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా పాయింటర్ స్పీడ్ వేరు, సెన్సిటివిటీ వేరు, ఆ మాట అలాగే ఉంది.

నిద్రలేనిరాత్రి:
కింద మెస్‌ల ఫ్రిజ్ పక్క సాకెట్‌కి పెట్టి చూసిన, ఛార్జింగ్ ఎక్కుతుంది, వణుకుడు లేదు, జిల్లు గూడ లేదు. థాంక్స్ అన్నా. పంటున్న ఇగ.

బ్యాక్‌స్పేస్:
నాది కూడా ఇలాగే దూకుతోంది కానీ ఛార్జర్ తీసేసినా ఆగట్లేదు, ఈమధ్య టచ్‌ప్యాడ్ ఎడమవైపు నొక్కుడు పడట్లేదు, కొంచెం పైకి లేచినట్టుంది. క్విర్క్స్ ఫైల్ మారిస్తే పోతుందా?

ఎర్తింగ్‌అన్న:
పైకి లేచిందా? ఫైల్ సంగతి వదిలెయ్, ముందు ఆపేసి, ఛార్జర్ తీసేసి పక్కన పెట్టు. కింద బ్యాటరీ ఉబ్బిందేమో సర్వీస్‌లో చూపించు, ఎడమవైపు నొక్కి కూర్చోబెట్టాలని చూడకు. ఎన్నేళ్ల మెషిన్ అది?