పెళ్లికి కోషర్ పాటించే యూదు దంపతులు వస్తున్నారు, హైదరాబాద్‌లో వాళ్లకి భోజనం ఎలా?

పెళ్లికూతురి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది వనస్థలిపురం. ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. తను బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో చదువుకునేటప్పుడు ఒక యూదు దంపతుల ఇంట్లో పై వాటాలో అద్దెకుండేది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. 2020లో కరోనాకి అంతా మూసేసినప్పుడు పిల్ల జ్వరంతో గదిలో ఒక్కతే పడి ఉంటే, రోజూ మెట్ల మీద వేడి సూప్ పెట్టి, తలుపు తట్టి వెళ్లేవారట. మేం ఇక్కడ ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప ఏం చేయగలిగాం? ఆ పెద్దాయన, ఆవిడ ఇప్పుడు పెళ్లికి వస్తున్నారు. వారం రోజులు మా ఇంట్లోనే ఉండాలని నేనే పట్టుబట్టాను.

వాళ్లు కోషర్, అంటే యూదుల మత ఆహార నియమాలు, కచ్చితంగా పాటిస్తారు. "మా గురించి కంగారు పడొద్దు, తినడానికి ఏవో తెచ్చుకుంటాం, పళ్లు దొరికితే చాలు" అని రాశారు. నా పిల్ల కడుపు చూసినవాళ్లకి నేను వారం రోజులు అరటిపళ్లు పెట్టి పంపాలా? ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మాది శాకాహారం, గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. శాకాహారమైతే చాలదా? పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్లు సరిపోవా? కోషర్ హోటల్ కోసం వెతికాం, మాకైతే కనపడలేదు. కొత్త గిన్నెలు కొంటే కుదురుతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

టోలీచౌకి బిర్యానీ:

అమ్మా, హలాల్, కోషర్ దాదాపు ఒకటే అని విన్నాను. మన ఊళ్లో హలాల్‌కి ఏం కొదవ? మంచి హోటల్ నుంచి తెప్పించేయండి, సరిపోతుంది.

గెస్ట్‌హౌస్ వంటిల్లు:

అమ్మా, గచ్చిబౌలిలో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ వంటిల్లు చాలాకాలం నేనే చూసుకున్నాను. ఇజ్రాయెల్ నుంచి వచ్చే ఇంజనీర్లలో ఎక్కువమంది ఏం పెట్టినా తినేవాళ్లే. ఒక కుటుంబం మాత్రం పూర్తిగా కోషర్. పిల్లలతో సహా ఒక ఎండాకాలమంతా మా దగ్గరే ఉన్నారు. నాకు తెలిసిందంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ముందు పైన తమ్ముడు చెప్పిన మాట. హలాల్ పెట్టినంత మాత్రాన కోషర్ కాదు. పంది వద్దనడంలో రెండూ కలుస్తాయి. కానీ కోషర్ మాంసం కోసేవాడు ఆ పని నేర్చి అనుమతి పొందిన యూదుడై ఉండాలి. కోశాక ఊపిరితిత్తులు పరీక్షించాలి. ఆ తర్వాత మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, రక్తం పోగొట్టాలి. అన్నిటికన్నా పెద్ద సంగతి, మాంసమూ పాలూ కలవకూడదు. మన దమ్ బిర్యానీలో మాంసం నానేదే పెరుగులో. హలీమ్ నిండా నెయ్యి. ఎంత మంచి హోటలైనా ఇక్కడే ఆగిపోతాం. మాంసం సంగతి మీకు ఎలాగూ లేదు కాబట్టి సగం భారం తీరినట్టే.

ఇక శాకాహారం ఎందుకు చాలదంటారా? మీ గిన్నెల్లో మాంసం ఉడకకపోయినా, కోషర్ ముద్ర లేని నూనె, నెయ్యి, పనీరు ఉడికాయి. వేడి మీద గిన్నె ఆ రుచిని పీల్చుకుంటుందని, మళ్లీ వేడెక్కితే కొత్త వంటలోకి వదులుతుందని వాళ్ల లెక్క. స్టీలు గిన్నెనైతే పద్ధతి ప్రకారం మరిగే నీళ్లలో ముంచి సరిచేసుకుంటారు, మట్టి పాత్రకి ఆ అవకాశం లేదు. అందుకని మీ ఇంటి గిన్నెల జోలికి వెళ్లకండి.

మా నాయనమ్మ మడి కట్టుకుని వండేది, ఆ గట్టు దగ్గరికి కూడా మమ్మల్ని రానిచ్చేది కాదు. కోషర్ అంటే నేనూ అలాంటిదే అనుకుని మొదట్లో దూరంగా నిలబడేవాణ్ణి. ఆ ఇల్లాలే పిలిచి చెప్పింది, మనిషి తాకితే వంటకి ఏమీ కాదని. వైన్ ఒక్కటే తేడా. దాన్ని మనం ముట్టుకోకపోవడం మంచిది. కూరగాయలు మీరు తరగొచ్చు, కూర మీరు కలపొచ్చు.

ఇప్పుడు మీకు సంతోషం కలిగించే మాట. యూదులు కానివాళ్లు ఒంటిచేత్తో వండింది తినకూడదని వాళ్లకో నియమం ఉంది. పచ్చిగా తినగలిగినవి దాని కిందకి రావు, అన్నం, పప్పులాంటివి వస్తాయి. అయితే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల పద్ధతిలో పొయ్యి వాళ్లు వెలిగిస్తే చాలు, మిగతా వంట మనం చేయొచ్చు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీ కుటుంబాలైతే గిన్నె కూడా వాళ్లే పొయ్యి మీద పెట్టాలంటారు. మీ అతిథులు ఏ పద్ధతివాళ్లో అమ్మాయిని అడగమనండి. పెద్దావిడ వచ్చి స్టవ్ వెలిగిస్తే, ఆ పక్కన నిలబడి మీరే పప్పు వండి పెట్టొచ్చు. మా గెస్ట్‌హౌస్‌లో అలాగే జరిగింది. పొద్దున్నే ఆ ఇంటాయన వచ్చి స్టవ్ వెలిగించి, నమస్తే చెప్పి వెళ్లేవాడు. వంట నాది.

ఇంట్లో ఒక గదిలో బల్ల వేసి, దాన్ని వాళ్ల వంటిల్లు చేయండి. కొత్త ఇండక్షన్ స్టవ్. బేగంబజార్ వెళ్లి మూడు నాలుగు స్టీలు గిన్నెలు, గరిటెలు, కత్తి, పీట, జల్లెడ, చేట, గిన్నెలు తోముకునే కొత్త పీచు. మిక్సీకి కొత్త జార్. స్టిక్కర్లు పీకకండి, కడగకండి, వాళ్లు వచ్చాక వాళ్ల కళ్ల ముందే తీయండి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. వాళ్లకి కావలసింది మనం బాగా కడిగామన్న మాట కాదు, ఈ గిన్నెలో ముందు ఏమీ ఉడకలేదని కంటితో చూసుకోవడం. ఇంకొకటి, యూదులు కొత్త లోహపు గిన్నె కొనుక్కుంటే వాడే ముందు మిక్వే అనే స్నానకుండంలోనో సముద్రంలోనో ముంచాలి. గిన్నెలు మీవిగానే ఉంటే, కొన్నాళ్లు వాడుకోవడానికి ఇచ్చినట్టయితే ఆ పని పడదని ఆ కుటుంబమే మాకు చెప్పింది. కాబట్టి కానుకగా ఇవ్వకండి.

కంచాల బాధ మనకి లేదు. అరిటాకో, మోదుగ విస్తరో వేయండి. ఎప్పుడూ వాడని ఆకు కదా, ఏ చిక్కూ లేదు. మా దగ్గరున్న ఆ కుటుంబం పిల్లలకి ఆకులో అన్నం తినడమంటే పండగే.

సరుకుల్లో బియ్యం, కందిపప్పు, ఉప్పు, పంచదార, రుచులు కలపని టీ పొడి, విడిగా దొరికే మిరియాలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, చింతపండు అన్నీ పనికొస్తాయి. పొడులు కొనకుండా కొత్త జార్‌లో ఆడించుకోండి. డబ్బా ఇంగువలో పిండి కలుస్తుంది కాబట్టి వాళ్లని అడగనిదే వేయకండి. పాలు, పెరుగు విషయంలో ఒక్కో కుటుంబం ఒక్కో తీరు, అదీ అడగాల్సిందే. పెరుగు కుదరకపోతే కొబ్బరి పాలున్నాయి.

పురుగు దగ్గర వాళ్లు చాలా గట్టి. తోటకూర, గోంగూర, కరివేపాకు, కాలీఫ్లవర్ ఉప్పునీళ్లలో వేసి, ఆకు ఆకూ వెలుతురులో పెట్టి చూస్తారు. పిండి జల్లిస్తారు, బియ్యం ఏరతారు. చేటలో బియ్యం ఏరడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. నన్నడిగితే బీరకాయ, సొరకాయ, దొండకాయలకే వెళ్లండి, పని సగం అవుతుంది. ఉల్లిపాయ, నిమ్మకాయ, మిర్చిలాంటి ఘాటైనవి మాత్రం కొత్త కత్తితోనే కోయాలి. మీ జాడీలో ఆవకాయ పెట్టలేరు, దానికి మాత్రం మనసు రాయి చేసుకోండి.

ఇది మీకు అక్కర్లేదు గానీ వేరేవాళ్లు చదువుతారని రాస్తున్నాను. మాంసాహారం తినే ఇళ్లవాళ్లకి చేప మంచి దారి. దానికి ప్రత్యేకంగా కోసే పద్ధతి లేదు, ఉప్పు పట్టించే పని లేదు. రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి, అంతే. రవ్వ, బొచ్చె, కొరమేను పనికొస్తాయి. వాలుగకి పొలుసు లేదు కాబట్టి వద్దు. రొయ్యలు, పీతలు అసలే వద్దు. రాంనగర్ చేపల మార్కెట్‌కి అతిథినే వెంటబెట్టుకుని, కొత్త కత్తి పట్టుకుని వెళ్లండి. పొలుసు చూశాకే కోయించాలి, ముక్కలు కొట్టి పెట్టినవి తీసుకోకూడదు. చింతపండు పులుసులో పాల చుక్క ఉండదు కాబట్టి అదీ హాయి.

ఫుడ్ ల్యాబ్ ఉద్యోగి:

పచ్చ చుక్క గురించి నేను చెప్తాను, ఎగుమతి చేసే కంపెనీలో నాణ్యత విభాగంలో పని చేశాను.

పచ్చ చుక్క చెప్పేది ఒక్కటే, ఇందులో మాంసం, చేప, గుడ్డు, జెలటిన్‌లాంటివి లేవని. పాలు ఉండొచ్చు, ద్రాక్ష నుంచి తీసినవి ఉండొచ్చు. ద్రాక్షరసం, వైన్ వెనిగర్‌లాంటివి కోషర్‌లో చాలా కఠినమైన వ్యవహారం. ఆ యంత్రం మీద ముందు ఏం తయారైందో కూడా చుక్క చెప్పదు. కాబట్టి నూనె, బిస్కెట్, సాస్, రెడీమేడ్ కూర ఏదైనా కోషర్ సంస్థ ముద్ర ఉన్నదే కొనాలి. వృత్తంలో యూ అక్షరం ఉన్నది అందరికన్నా పాతవాటిలో ఒకటి, 1920ల నుంచి ఉంది. నక్షత్రంలో కె అక్షరం ఉన్నదీ తెలిసిందే. పక్కన డి అక్షరం ఉంటే పాల వస్తువని అర్థం. ఉత్త కె అక్షరం ఒక్కటే ఉంటే నమ్మకండి, దాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

మన దేశంలో కోషర్ సర్టిఫికెట్ ఉన్న ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, అమెరికా కొనుగోలుదారులు అడుగుతారు కాబట్టి. అయితే ముద్ర ఎగుమతి ప్యాకెట్ మీదే ఉండి, ఇక్కడ అమ్మే ప్యాకెట్ మీద లేకపోవచ్చు. అదే బ్రాండ్ కదా అని కొనేయకండి. ప్యాకెట్ వెనక వైపు ఫొటో తీసి వాళ్లకి పంపండి, ఔనన్నాకే కొనండి. నూనె సీసా ఒకటి వాళ్లనే తెచ్చుకోమంటే ఇంకా తేలిక.

పెళ్లికూతురి అమ్మ:

మీ అందరికీ చేతులెత్తి దండం. స్టవ్ ఆవిడ వెలిగిస్తే నేను వండొచ్చని చదివి మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. అమ్మాయి ఫోన్ చేసి అడిగింది, వాళ్లు అష్కెనాజీలేనట. ఆవిడ చాలా సంతోషపడి, ఆకుకూరలు తనే చూస్తానందట.

ఇంకా రెండు సందేహాలు. పెళ్లి ఆదివారం. ఆ రోజు భోజనాల బంతిలో వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలి? సత్యనారాయణ వ్రతం ప్రసాదం ఇవ్వొచ్చా? ముందురోజు శనివారం ఇంటి నిండా చుట్టాలుంటారు, పెళ్లికూతుర్ని చేస్తాం. వాళ్లకి ఆ రోజు విశ్రాంతి దినం కదా?

చేబ్రోలు అబ్బాయి:

నమస్తే పిన్నిగారూ. నేను తెలుగు యూదుణ్ణి. గుంటూరు దగ్గర చేబ్రోలు, కొత్తరెడ్డిపాలెం వైపు బెనె ఎఫ్రాయిం అని మా చిన్న సమాజం ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఎల్బీనగర్‌లో ఉంటాను. నా వంట నేనే చేసుకుంటాను, ఆఫీసుకి డబ్బా పట్టుకెళ్తాను, ఎవరింట్లో పెళ్లైనా డబ్బాతోనే వెళ్తాను.

ప్రసాదం ఇవ్వకండి. దేవుడికి నైవేద్యం పెట్టింది మేం తినకూడదు. మీ మీద గౌరవం లేక కాదు, మాకున్న ఆజ్ఞల్లో అది చాలా పెద్దది. ఇవ్వబోతే కాదనలేక వాళ్లు ఇబ్బంది పడతారు, ముందే చుట్టాలకి చెప్పి ఉంచండి. తంతులో ఎంతవరకు కూర్చోవాలో కూడా వాళ్లకే వదిలేయండి.

బంతి గురించి నా మాట వినండి. వాళ్లని వేరే గదిలో కూర్చోబెట్టకండి. నన్ను మర్యాదగా ఏసీ గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టి పళ్లు పెట్టిన పెళ్లిళ్లున్నాయి. వాళ్ల ప్రేమ నాకు తెలుసు, కానీ నాకు బంతిలోనే కూర్చోవాలని ఉండేది. తెల్లవారుజామున వాళ్ల స్టవ్ మీద వండినవి మూత గట్టిగా బిగించి, మీ మనిషితో మండపానికి తెప్పించండి. అందరితో పాటే ఆకు వేసి, వాళ్ల డబ్బా వాళ్ల ముందు పెట్టండి. వడ్డించేవాళ్లకి ఒక్క మాట చెప్తే చాలు, ఆ రెండు ఆకుల్లో ఏమీ వేయొద్దని.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు కనపడేదాకా షబ్బాత్. వంట చేయరు, స్విచ్ వేయరు, కారెక్కరు, ఫోన్ ముట్టుకోరు. పెళ్లికూతుర్ని చేసేది ఇంట్లోనే కాబట్టి మీకు అదృష్టం, వాళ్లు అక్కడే ఉంటారు. వంటంతా శుక్రవారం సాయంత్రం లోపే అయిపోవాలి. పులిహోర మంచిది, చల్లగా తిన్నా రుచే. రాత్రి వాళ్లు దీపాలు వెలిగించి వైన్ మీద ప్రార్థన చదువుతారు. కోషర్ వైన్ మోసుకురాలేకపోతే కంగారు లేదు, బొంబాయి వైపు బెనె ఇజ్రాయెల్ అనే యూదుల ఇళ్లలో తరతరాలుగా ఎండుద్రాక్ష నానబెట్టిన షర్బత్ వాడతారు. ఆ ద్రాక్ష వాళ్లచేతే నానబెట్టించండి. దీపాలు మీరు ఆర్పకండి, వాటంతట అవే కొండెక్కాలి. బాత్రూమ్ లైటు శుక్రవారమే వేసి ఉంచి, చుట్టాల పిల్లలెవరూ తీయకుండా స్విచ్ మీద టేపు అంటించండి.

ఆదివారం తెల్లవారుజామున ముహూర్తమైతే, శనివారం రాత్రి చుక్కలు పొడిచాకే వాళ్ల కారు కదలాలి. మండపం దగ్గర వాళ్లకి గది ఉంటే అప్పుడు బయల్దేరండి.

గెస్ట్‌హౌస్ వంటిల్లు:

తమ్ముడు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. షబ్బాత్ రోజు లిఫ్ట్ కూడా ఎక్కరు. మీది అపార్ట్‌మెంటైతే ఆ డెబ్బై ఏళ్లవాళ్లకి మెట్లు ఎన్నో చూసుకోండి. కింది ఫ్లాట్‌వాళ్లు ఒక గది ఇస్తారేమో ఇప్పుడే అడగండి. ఇండక్షన్ స్టవ్ కొనేటప్పుడు గిన్నెల అడుగున అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే ఆ స్టవ్ మీద పని చేయవు.

పెళ్లికూతురి అమ్మ:

మాది సొంతిల్లే నాయనా, కింది వాటా వాళ్లకే ఇస్తున్నాం. రేపు అయస్కాంతం తీసుకునే బేగంబజార్ వెళ్తాను. చేబ్రోలు అబ్బాయ్, ఆదివారం నువ్వూ రావాలి. నీ డబ్బా కూడా ఆ స్టవ్ మీదే కడదాం, బంతిలో మూడో ఆకు నీది. అడ్రస్ విడిగా పంపుతాను.

చేబ్రోలు అబ్బాయి:

తప్పకుండా వస్తాను పిన్నిగారూ. ముందు వాళ్లని ఒక మాట అడగండి, నా డబ్బా అక్కడ కట్టడం వాళ్లకి సమ్మతమేనా అని. కాదంటే నేను ఇంట్లోనే వండుకుని తెచ్చుకుంటాను, ఏమీ అనుకోను.

పెళ్లికూతురి అమ్మ:

అమ్మాయి అడిగింది. ఆవిడ ఒప్పుకుంది, "ఆ అబ్బాయికి ఏం ఇష్టమో కనుక్కోండి" అందట. చెప్పు మరి.

చేబ్రోలు అబ్బాయి:

ముద్దపప్పు, దొండకాయ వేపుడు.