సమస్యాపూరణం: మంట లేని చోట మండె నోరు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*మంట లేని చోట మండె నోరు*

కారం మీదే పూరించాలి. "మిర్చి కొరికాడు, మండింది" అని చేతులు దులుపుకోకండి. ఎందుకు మండిందో కూడా పద్యంలో కనిపించాలి.

బయాలజీ టీచరమ్మ:

నలుబదియును మూడు నాకు గుర్తని యెంచు
ద్వారపాలకుండు దారి విడిచె
కారమనెడి దొంగ కప్పిన ముసుగుకు,
మంట లేని చోట మండె నోరు

ద్వారపాలకుడంటే నొప్పిని మోసే నరాల కొసన ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తలుపు తీస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ వచ్చి అతుక్కుంటే ఆ వేడి లేకపోయినా తీసేస్తుంది. మెదడుకు మాత్రం "కాలుతోంది" అనే కబురే వెళ్తుంది. 1997లో దీన్ని కనిపెట్టింది డేవిడ్ జూలియస్ బృందం. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

పొరుగూరి మాస్టారు: బాగుందమ్మా. "లేని చోట" అన్నదానికి న్యాయం జరిగింది. కానీ "ముసుగుకు" వాడుక మాట. "కప్పు ముసుగునకు" అనండి, భగణం, నలం చక్కగా కుదురుతాయి. ఇంకో సందేహం. కారం రుచి కాదంటారా? షడ్రుచుల్లో ఉంది కదా, ఉగాది పచ్చడి సంగతేమిటి?

బయాలజీ టీచరమ్మ: సవరించుకుంటాను మాస్టారూ. నాలుక మీది రుచి మొగ్గల లెక్కలో కారం లేదు, అది నొప్పి నరాల పని. అందుకే మిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలిపితే కన్నూ మండుతుంది. కంటికి రుచి తెలియదుగా! పోర్చుగీసువాళ్ళు మిరపను తెచ్చేదాకా మన కారం మిరియాలదే. మిరియాల్లోని పైపరిన్ తట్టేదీ ఇదే తలుపు.

పల్నాటి అల్లుడు: మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి.

గింజలోన లేదు ఘాటంత పొరలోనె
నీట కరగ దద్ది నేతిలోనె
చెంబు నీళ్ళు తాగి చెమటతో తడిసినా
మంట లేని చోట మండె నోరు

పొరుగూరి మాస్టారు: తిట్టను గానీ తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. గ, ఘ హల్లులకు మైత్రి ఉంది, "గిం"లో ఇకారానికి "ఘా"లో ఆకారానికి లేదు. ఇలా తిప్పి చూడు:

ఘాటు గింజ కేది? గలదెల్ల పొరలోనె

మూడో పాదం మాత్రం నాకు చాలా నచ్చింది. మా ఇంట్లో రోజూ జరిగేదే.

బయాలజీ టీచరమ్మ: విషయంలో తప్పు లేదు. క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. గింజకు అంటేది కొసరు. చెమట కూడా సరైనదే, నిజంగా కాలుతోందనుకుని ఒళ్ళు చల్లబరుచుకునే ప్రయత్నం అది. నేతికన్నా పాలు, పెరుగు మేలు. వాటిలోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని ఈడ్చుకుపోతుంది.

పల్నాటి అల్లుడు: ఆవకాయన్నం తిన్నాక వేడి టీ తాగితే ప్రాణం పోయేది ఇందుకేనా అక్కయ్యా?

బయాలజీ టీచరమ్మ: అవును. కారం తగిలాక తలుపు ఆ 43 డిగ్రీలకన్నా తక్కువ వేడికే తెరుచుకుంటుంది.

డాలస్ కోడలు:

చిలుక మిరప దినుచు చిందులేసె మురిసి
మనిషి కొరికినంత మతియు పోయె
తలుపు రెంటి కొకటె, తాళము వేరయా
మంట లేని చోట మండె నోరు

పొరుగూరి మాస్టారు: గణాలు, యతులు అన్నీ శుభ్రం. "వేరయా" కాస్త అరువు గొంతులా ఉంది, పోనిద్దాం. చిలుకకు మండదా నిజంగా?

డాలస్ కోడలు: మండదు మాస్టారూ. పక్షులకూ ఆ ప్రొటీన్ ఉంది, వేడి తెలుస్తుంది, క్యాప్సైసిన్‌కు మాత్రం చలించదు. మిరపకు కావలసిందీ అదే. జంతువులు దవడ పళ్ళతో గింజను నలిపేస్తాయి, పక్షి మింగి దూరాన విడిచిపెడుతుంది.

నిర్వాహకుడు: నా ఓటు మూడో పాదం కోసమే ఈ చిలుక పద్యానికి. తాళం మాట ఒక్కటి చాలు. అల్లుడుగారు సవరించిన పద్యం మళ్ళీ పెట్టాలి. వచ్చేవారం సమస్య:

*మంచు లేని నోట మంచు గురిసె*

పుదీనా ఆకు నములుతూ మొదలుపెట్టండి.