ఈ వారం సమస్య: ఆకలైన వేళ నన్నమేల

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

ఆకలైన వేళ నన్నమేల

ఒక షరతు. పొద్దున తిరుపతి స్టేషన్‌లో దిగి రాత్రి బండికి వెళ్లిపోయే ప్రయాణికుడొకడు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లు చూస్తాడు, కొంటాడు, తింటాడు. వీలైతే కొండకూ వెళ్లొస్తాడు. పద్యం ఆ రోజులోదే కావాలి. భక్తితో కడుపు నిండిపోయిందనే పూరణ మాత్రం వద్దు, అది అందరికీ ముందే తడుతుంది.

సంగటిప్రియుడు:

నాటుకోడి పులుసు నంజుకోను గలదు
రాగిముద్ద యాకు రాజ్యమేలె
నూరిబిండి చూడ నూరె నోట జలము
ఆకలైన వేళ నన్నమేల!

చిత్తూరు మాస్టారు: భేష్. గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. మూడో పాదం చివర "జలము" తర్వాత "ఆకలి" రావడాన్ని విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేసిన దోషం, అనేవాళ్లుంటారు. సమస్య అచ్చుతో మొదలైతే పూరించేవాడు ఏం చేస్తాడు, పాదాంతంలో ఆగాడనుకుందాం. "నంజుకోను" మన ఇంటి మాట, "గలదు" హోటల్ బోర్డు మీది మాట. రెండూ ఒకే పాదంలో కలవడం నాకు నచ్చింది. ప్రయాణికుడు ఇది కొండకింద తిన్నాడు కాబట్టి సరిపోయింది, తిరుమలలో మాంసం నిషిద్ధం.

అలిపిరి: నాదొక సందేహం. సంగటిలో బియ్యమో నూకలో ఉడికించే కదన్నా రాగిపిండి వేసి కెలికేది? అన్నమేల అన్నవాడు అన్నమే తిన్నట్టయింది!

సంగటిప్రియుడు: ఉంటే ఉండనీ అన్నా. ఆకులో రాజు ఎవరో చెప్పాను గానీ బియ్యం లేదని ఎక్కడన్నాను?

నిర్వాహకుడు: సమాధానం పద్యంలోనే ఉంది. ఒప్పుకుంటున్నాను.

కలంకారి:

కాళహస్తి చీర కలముతో గీసిన
కథను చూచుచుండ గంట గడిచె
బేరమాడి యాలు వెలలు తగ్గించగా
ఆకలైన వేళ నన్నమేల?

చిత్తూరు మాస్టారు: "కలముతో గీసిన" అన్నది సరైన మాట. శ్రీకాళహస్తి పనితనమంతా కలంలోనే ఉంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద వెదురు కలంతో బొమ్మ గీస్తారు. కొయ్య అచ్చులతో అద్దేది మచిలీపట్నం, పెడన వైపు పద్ధతి. అంగట్లో రెంటినీ పక్కపక్కనే పెట్టి ఒకే పేరుతో చూపిస్తే కొనేవాడు కలం గీతను వెతుక్కోవాల్సిందే. మీ ప్రయాణికుడు గంటసేపు చూశాడు, తెలిసినవాడే.

పూరణ మాత్రం బలంగా లేదు. వెల తగ్గితే జేబుకు సంతోషం, కడుపుకేమిటి? ఆకలి మరిచాడు సరే, అన్నం అక్కర్లేదనడానికి కారణం రాలేదు.

అలిపిరి: ఎర్రచందనం బొమ్మ వస్తుందని ఎదురుచూశాను. శేషాచలం అడవిలో పెరిగే చెట్టు కదా, తిరుపతి బజారు పద్యంలో అది లేకపోతే ఎట్లా?

కలంకారి: గణాల్లో ఇమడలేదండీ.

చిత్తూరు మాస్టారు: "ఎర్రచందనంపు" అనండి. మూడు హగణాలు (గురువు, లఘువు జంటలు) నిక్షేపంగా కుదిరాయి. నాలుగో గణానికి యతి మీరు చూసుకోండి. శ్రీకాళహస్తిని నేనింకా మా జిల్లా అనే అంటుంటాను. 2022లో తిరుపతి జిల్లా వేరయింది గానీ నోటి అలవాటు వేరవలేదు.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, పెద్దలు సవరించాలి.

లడ్డు వాస నపుడె లాగుచుండె మనసు
జీడిపప్పు నెయ్యి యేలకులును
ఒక్క ముక్క తినగ నొడలు మరచిపోతి
ఆకలైన వేళ నన్నమేల!

చిత్తూరు మాస్టారు: మూడో పాదం చాలా బాగుంది అమ్మా. రెండో పాదంలో యతి తప్పింది. "జీ"కి "యే" కుదరదు. జకారానికి చ, శ, స వంటివి కావాలి, అచ్చు కూడా ఇ, ఎ వర్గంలోదై ఉండాలి. ఇలా మార్చి చూడు:

జీడిపప్పు నెయ్యి చెలిమి చేసె

కొత్తకలం: ధన్యవాదాలు మాస్టారూ. ఏలకులు పోయాయే!

చిత్తూరు మాస్టారు: మొదటి పాదంలో వాసన ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావు? అక్కడున్నాయిలే.

నిర్వాహకుడు: 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన లడ్డు. ఒక యతికి లొంగుతుందా అని టెన్షన్ పడ్డాను, లొంగింది.

బెంగళూరు బస్సు:

వెంగమాంబ పేర వెలసిన సత్రాన
వరుస గూరుచున్న వడ్డన యగు
రొక్కమిచ్చి కొన్న రుచిలేని హోటలు
ఆకలైన వేళ నన్నమేల?

అలిపిరి: ఇది కదా లెక్క! డబ్బు పెట్టి కొనే అన్నం ఎందుకని అడగడంతో సమస్య విడిపోయింది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది, ఆ పెద్ద భవనం 2011లో వచ్చింది. తరిగొండ వెంగమాంబ తానే కవయిత్రి, ఆమె పేరు పద్యంలో పడటం ఇంకా బాగుంది.

చిత్తూరు మాస్టారు: ఊహ మంచిదే, అన్వయమే ఇబ్బంది. "హోటలు"కూ "అన్నము"కూ మధ్య "ఆకలైన వేళ" దూరి కూర్చుంది. దూరాన్వయ దోషం. వినేవాడికి హోటలుకే ఆకలైనట్టు వినిపిస్తోంది!

బెంగళూరు బస్సు: కొన్ని హోటళ్లను చూస్తే అదే నిజమనిపిస్తుంది సార్.

నిర్వాహకుడు: నా ఓటు సంగటి పద్యానికి. ఊహలో సత్రం పద్యమే ముందుంది, కానీ చదవగానే అర్థమవ్వాలి కదా. సంగటి పద్యానికి వివరణ అక్కర్లేదు, పైగా ఊరిబిండి అనే పచ్చడి పేరు చెబితే ఏ ఊరివాడో తెలిసిపోతుంది. కలంకారి గారు నాలుగో పాదానికి కారణం సమకూర్చి మళ్లీ పంపితే చూస్తాను.

వచ్చే వారానికి, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

కొండ నెక్కకుండ కొండ నెక్కె

అలిపిరి: టమాటా ధర!

నిర్వాహకుడు: ధరలు, దీపాలు తప్ప ఇంకేదైనా.