సైలెన్సర్ మీద కరిగి అంటుకున్న రెయిన్ కోటు, బెండు పైపు మీద నీలం చారలు: ఎలా పోగొట్టాలి?

పటమట_350:
అన్నలూ, వానలో బందరు రోడ్డు మీద వస్తుంటే రెయిన్ కోటు అంచు సైలెన్సర్‌కి తగిలి కరిగి అంటుకుపోయింది. అరచేతి వెడల్పున నల్లగా గట్టిపడిపోయింది. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, పాతది, క్రోమ్ సైలెన్సర్. ఎలాగూ అడుగుతున్నాను కాబట్టి ఇంకో రెండు: ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండు పైపు మీద నీలం చారలు వచ్చాయి, క్రాష్ గార్డ్ మీద తుప్పు చుక్కలు ఉన్నాయి. వాటర్ సర్వీసింగ్ షాపులో యాసిడ్ పోసి రుద్దితే నిమిషంలో పోతుందన్నారు, నాకు ధైర్యం చాల్లేదు.

ఆటోనగర్_స్పానర్:
యాసిడ్ జోలికి పోకు తమ్ముడూ. బాత్రూములు కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది క్రోమియంనే తినేస్తుంది. పైన మెరిసే క్రోమ్ పొర మామూలుగా వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు, దాని కింద నికెల్, ఆ కింద ఇనుము. ఒకసారి క్రోమ్ పోయి నికెల్ బయటపడిందంటే పసుపు ఛాయ వస్తుంది, ఆ తర్వాత ఏ పాలిష్ పెట్టినా ఆ తెల్లటి మెరుపు తిరిగి రాదు, మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే. గిన్నెలు తోమే పీచు, ఉప్పు కాగితం కూడా వద్దు.

ముందు ప్లాస్టిక్ సంగతి. ఇంజిన్ కాసేపు ఆన్‌లో ఉంచి, పైపు వేడెక్కాక ఆపేయి. ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చేతికి మందపాటి గ్లౌజు వేసుకుని చెక్క గరిటెతోనో ఐస్‌క్రీమ్ పుల్లతోనో ఒక అంచు నుంచి నెట్టుకుంటూ రా, చాలావరకు పొరలాగా లేచి వస్తుంది. స్క్రూడ్రైవర్, బ్లేడు మాత్రం పెట్టొద్దు, గీత పడితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. మిగిలిన పల్చటి పొరకి పైపు పూర్తిగా చల్లారాక నాలుగు సున్నాల స్టీల్ ఊల్, అంటే అన్నిటికన్నా సన్నటి 0000 నంబరుది, దాని మీద కాస్త డబ్ల్యుడి-40 స్ప్రే కొట్టి తేలిగ్గా రుద్దు.

బ్రాడీపేట_రైడర్:
నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతుందని చాలామంది చెబుతారు, అది కరిగిన వస్తువును బట్టి ఉంటుందండి. నా బండికి అంటుకున్నది క్యారీ బ్యాగు, అసిటోన్ ఎంత పెట్టినా కదల్లేదు, ఎందుకంటే పాలిథిన్ దానికి కరగదు. వేడి చేసి గీకడమే పనిచేసింది. ఒకవేళ అసిటోన్ వాడితే మాత్రం చల్లటి పైపు మీదే వాడండి, వేడి సైలెన్సర్ మీద పోస్తే భగ్గుమంటుంది. పెట్రోలు, కిరసనాయిలు కూడా అంతే. తారు మరకలకి కిరసనాయిలు బాగా పనిచేస్తుంది, కానీ తర్వాత సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాకే బండి స్టార్ట్ చేయండి.

మా గుంటూరులో బోరు నీళ్లతో కడిగితే ఇంకో తలనొప్పి, ఎండకి తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. నీడలో కడిగి పొడి గుడ్డతో తుడిస్తే అసలు ఆ చుక్కలే రావు.

గొల్లపూడి_గేర్:
ఓవెన్ క్లీనర్ వాడమని యూట్యూబ్‌లో చూపిస్తున్నారు. వాటిలో చాలావాటికి కాస్టిక్ సోడానే బలం. క్రోమ్ తట్టుకుంటుంది, పక్కనే ఉన్న ఇంజిన్ కవర్లు అల్యూమినియం, వాటి మీద చుక్క పడినా నల్లగా మాడినట్టు మచ్చ పడుతుంది. పెయింటు కూడా పోతుంది. నేనైతే బండి మీద వాడను.

ఇంకోటి, మా ఇబ్రహీంపట్నం వైపు బూడిద లారీలు తిరిగే రోడ్డులో నడిపేవాళ్లు పొడి గుడ్డతో తుడవకండి. ఆ బూడిదే గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోసి వదలగొట్టండి.

ఆటోనగర్_స్పానర్:
తుప్పు చుక్కలకి పార్సిల్ చుట్టే అల్యూమినియం ఫాయిల్ చాలు. చిన్న ముక్క నలిపి నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దు, గోధుమ రంగు ముద్దలా వస్తుంది, తుడిచెయ్. క్రోమ్ కన్నా అల్యూమినియం మెత్తన, అందుకే గీత పడదు. క్రోమ్ తుప్పు పట్టదు, దానిలోని సన్నని రంధ్రాల గుండా కింది ఇనుముకి తడి తగిలి తుప్పు పైకి వస్తుంది. అందుకే శుభ్రం చేశాక గార్డ్‌కి వ్యాక్స్ రాయి. సైలెన్సర్‌కి రాయకు, వేడికి కాలి మరక కడుతుంది.

నీలం చారలు వేరే కథ. అది మురికి కాదు, లోపలి వేడికి లోహం రంగు మారడం. బ్లూయింగ్ తీసే పాలిష్ దొరుకుతుంది, కానీ కారణం ఉండగా మళ్లీ వస్తుంది. నీది కార్బురేటర్ బండి అయితే మిక్చర్ పల్చగా ఉందేమో, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ వస్తోందేమో, సైలెన్సర్ జాయింటు దగ్గర గాలి లీకవుతోందేమో ముందు చూపించు.

పటమట_350:
ప్లాస్టిక్ వచ్చేసింది అన్నా! వేడి చేసి పుల్లతో నెడితే ముక్కలుగా ఊడిపోయింది, స్టీల్ ఊల్‌తో మిగతాది కూడా. మచ్చలాంటి నీడ కొంచెం ఉంది. ఫాయిల్‌తో గార్డ్ మెరిసిపోతోంది, ఒకచోట మాత్రం క్రోమ్ పొక్కులా లేచింది. అక్కడేం చేయాలి?

ఆటోనగర్_స్పానర్:
పొక్కు లేచిందంటే కింద తుప్పు పాకింది, రుద్దితే పెచ్చు ఊడుతుంది. రుద్దకు. కాస్త నూనె తుడిచి ఉంచు, వీలున్నప్పుడు గార్డ్ మార్చెయ్. ఆ నీడకి మెటల్ పాలిష్ మెత్తటి గుడ్డతో పెట్టు, బెండు పైపు జాయింటు మాత్రం ఈ వారంలోనే చూపించు.