బోర్డు కనబడడం లేదని పిల్లలు ఎందుకు చెప్పరు?

నీలిసిరా:
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా బడి నుంచి ఒకటే ఫిర్యాదు: నోటుబుక్కులో సగమే రాస్తుంది, ధ్యాస లేదు. నేనూ నమ్మాను, కోప్పడ్డాను. ఇంట్లో పుస్తకాలు గడగడా చదివేది కాబట్టి కళ్ల మీద అనుమానమే రాలేదు. పోయిన నెల గోడ గడియారం చూసి టైమెంతో చెప్పమంటే కుర్చీలోంచి లేచి దాని కిందికి వెళ్లి చూసింది. పరీక్ష చేయిస్తే రెండు కళ్లకూ మైనస్ రెండున్నర. అంటే నలభై సెంటీమీటర్లు దాటితే అన్నీ మసకే. పుస్తకం ఆ హద్దులోపల ఉంటుంది, బోర్డు ఉండదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మిగతావాళ్లు టీచర్ చెప్పింది గుర్తుపెట్టుకుని రాస్తున్నారనుకున్నాను" అంది. బోర్డు చూసి రాస్తారన్న సంగతే దానికి తెలియదు! మీ పిల్లల విషయంలో ఎలా బయటపడిందో చెబుతారా?

మూడోపేజీ:
మాది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. మావాడు బడిలో పెట్టిన చార్టు చివరి వరుసదాకా చదివేశాడు. చూపు బ్రహ్మాండంగా ఉందని కాగితం కూడా ఇచ్చారు. కానీ కథల పుస్తకం మొదటి పేజీ చక్కగా చదివేవాడు, రెండో పేజీలో తడబడేవాడు, మూడో పేజీకి కళ్లు నులుముకుంటూ పుస్తకం మూసేసేవాడు. బద్ధకమన్నాం. కంటిపాప విప్పారే చుక్కలు వేసి చూస్తే ప్లస్ నాలుగు.

డాక్టరుగారు చెప్పింది ఇదీ: చిన్నపిల్లల కంటి కటకం బాగా సాగుతుంది. బలవంతంగా దాన్ని బిగించి దూరంలోని అక్షరాలు చదివేస్తారు, చార్టు పరీక్షలో నెగ్గేస్తారు. దగ్గరి అక్షరాలకు ఇంకా బిగించాలి, అదీ గంటల తరబడి. అక్కడ అలసిపోతారు. చుక్కలు ఆ బిగింపును సడలిస్తాయి కాబట్టి అసలు పవర్ బయటపడుతుంది. 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఒక మోస్తరు ప్లస్ పవర్ ఉండి కళ్లజోడు లేని నాలుగైదేళ్ల పిల్లలు అక్షరాలు గుర్తించే పరీక్షల్లో తోటివారికంటే వెనకబడ్డారు. దూరపు చార్టు ఒక్కటే చూసి "అంతా బాగుంది" అనుకోకండి.

ఒంటికన్ను:
నేను తల్లినీ కాదు, తండ్రినీ కాదు. ఆ పిల్లవాణ్ణి. నా ఎడమ కన్ను సరిగా పనిచేయదని పందొమ్మిదో ఏట డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో తెలిసింది. అంతవరకు కుడి కన్నే రెండింటి పనీ చేసింది. మెల్లకన్ను ఉంటే ఎవరో ఒకరు గమనించేవారు, నాకది లేదు. రెండు కళ్ల పవర్‌లో తేడా అంతే. గ్లాసులో నీళ్లు పోస్తే పక్కన పడేవి, బంతి విసిరితే ముఖానికి తగిలేది. "చేతకానివాడు" అన్న పేరు మాత్రం స్థిరపడింది.

దీన్ని సోమరి కన్ను అంటారు కానీ సోమరితనం కంటిది కాదు. మసక బొమ్మ పంపే కంటిని మెదడే పక్కన పెట్టేస్తుంది. పసితనంలో ఒక కన్ను మూసి ఉంచితే మెదడులో ఆ కంటికి దక్కే చోటు కుంచించుకుపోతుందని పిల్లికూనల మీద చూపించిన హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. ఏడేళ్లలోపు చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుందంటారు. తరువాత మొదలుపెట్టినా కొందరికి మెరుగవుతుంది కాబట్టి పదేళ్లవాళ్ల తల్లిదండ్రులు ఆశ వదులుకోనక్కర్లేదు. ఇంట్లో ఒక పని చేయండి: ఒక్కో కన్ను మూసి చూడనివ్వండి. ఒక వైపు మూసినప్పుడే పిల్లలు చిరాకు పడితే అది అల్లరి కాకపోవచ్చు.

అంటుబిళ్ల:
ఒంటికన్నుగారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. మా పాపకు నాలుగేళ్లకే తెలిసింది, అదృష్టం. బలహీనమైన కన్ను పనిచేయక తప్పదన్నట్టు మంచి కంటిని మూసేస్తూ ప్యాచ్. మొదటి వారం యుద్ధమే! పీకేయడం, కళ్లజోడు పైనుంచి తొంగిచూడడం, చివరికి ప్యాచ్ తీసుకెళ్లి బొమ్మకు అంటించడం. రోజంతా వేయాలేమోనని భయపడ్డాను. ఒక మోస్తరు సమస్యకు రోజుకు రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినంత ఫలితమే వచ్చిందని 2003లోనే పరిశోధన తేల్చిందట. ఎన్ని గంటలన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి. బొమ్మకు కూడా ప్యాచ్ వేశాకే మాకు శాంతి దొరికింది.

సుద్దముక్క:
ఉపాధ్యాయురాలిని. నీలిసిరాగారి మొదటి పేరా నన్ను గుచ్చింది, ఎందుకంటే అలాంటి ఫిర్యాదులు నేనూ రాశాను. ఇప్పుడు తల పక్కకు వంచి చూసేవాళ్లను, చదువుతూ ఒక కన్ను చేత్తో మూసుకునేవాళ్లను, పక్కవాడి పుస్తకం చూసి రాసేవాళ్లను ముందు కంటి పరీక్షకు పంపమంటాను. మొదటి బెంచీకి మార్చి ఊరుకోవడం వైద్యం కాదు.

ఇంకొకటి: "ఎరుపు గీత కింద, ఆకుపచ్చ గీత పైన" అని పటం మీద చెబుతూ పోతుంటాం. రంగుల తేడా తెలియనివాళ్లు మగపిల్లల్లోనే ఎక్కువ. కొన్ని దేశాల్లో పన్నెండుమందిలో ఒకరు. వాళ్లకు ఆ పాఠమంతా ఒకే గీత. నేనిప్పుడు రంగుతోపాటు చుక్కల గీత, నిండు గీత వాడుతున్నాను.

తాళంచెవి:
అందరికీ నచ్చని మాట ఒకటి చెబుతాను. చదవలేకపోవడమంతా కంటిదే కాదు. మావాడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్య. అది తెలియక ఏడాదిపాటు కంటి వ్యాయామాలూ, రంగు అద్దాలూ అంటూ తిరిగాం. డిస్లెక్సియా మూలం శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేయడంలో ఉంది, కనుగుడ్డులో లేదు. 2009లో అమెరికా పిల్లల వైద్యులూ కంటి వైద్యులూ కలిసి ఇదే మాట చెప్పారు. రెండు కళ్లు దగ్గరి వస్తువు మీద సరిగా కలవని సమస్య నిజమే, అక్షరాలు రెండుగా కనబడతాయి, వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది కూడా. కానీ 2019లో వచ్చిన పరిశోధనలో, ఆ వ్యాయామం చేసిన పిల్లలకు చదివింది అర్థం చేసుకోవడంలో ఉత్తుత్తి వ్యాయామం చేసినవారికంటే అదనపు లాభం కనబడలేదు. ఆ ఏడాది మావాడికి అక్షరాలు నేర్పే నిపుణుల దగ్గర గడిచి ఉండాల్సింది.

మూడోపేజీ:
తాళంచెవిగారితో నాకు గొడవ లేదు. అయితే కంటి పరీక్ష ఒక్క పూటలో తేలిపోతుంది. ముందు అది చూసి తరువాత మిగతాది వెతకడం న్యాయం. రెండూ ఉన్న పిల్లలూ ఉంటారు.

నీలిసిరా:
అందరికీ ధన్యవాదాలు. మా అత్తగారికి ఒకటే బెంగ, కళ్లజోడు అలవాటైతే సైటు పెరిగిపోతుందని. పవర్ తగ్గించి ఇస్తే సైటు ఆగుతుందేమోనని 2002లో మలేషియాలో పరీక్షించి చూస్తే, అలా ఇచ్చిన పిల్లలకే ఇంకా వేగంగా పెరిగిందట. ఆవిడకు అది చదివి వినిపించాను. రోజూ ఆరుబయట వెలుగులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరం మసకబారే మైనస్ సైటు) రావడం తగ్గుతుందన్న మాట మాత్రం ఆవిడకు బాగా నచ్చింది, "నేను ముందే చెప్పాను" అన్నారు.

ఒంటికన్నుగారి మాట చదివి నిన్న సాయంత్రం మా చిన్నవాడికి ఆటలాగా కళ్లు మూశాను. వాడికి ఐదేళ్లు. ఎడమ కన్ను మూస్తే నవ్వుతూ క్యాలెండరులో అంకెలన్నీ చెప్పాడు. కుడి కన్ను మూస్తే నా చెయ్యి తోసేశాడు. మళ్లీ మూశాను, మళ్లీ తోసేశాడు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.